ఓడ దొరకని చీమలు

మామిడికొమ్మకు వేలాడే బండిచక్రం పట్టాను మేకుతో ఖంగుఖంగున వాయించి, భూషణం కావడి భుజానికెత్తుకున్నాడు. ఎర్రబోరు ఊరు దాటాక అడివంచున ఉన్న ఆ పూరి సిలువగుడికి గంటా అదే, గంట కొట్టేవాడూ నీళ్లు మోసేవాడూ ఆయనే. పెళ్లి లేదు, పిల్లల్లేరు. మోసి మోసి భుజం మీద ఎద్దుకు మూపురం లేచినట్టు కాయ కాసింది. మీసం ఒకవైపే ఉంటుంది. రెండోవైపుది ఎలుగుబంటి ముచ్చటపడి పీక్కుపోయిందని చెప్పేవాడు. పొయ్యి ఊదుతూ కాల్చుకున్నాడని బస్తర్ రాజ్యమంతటికీ తెలుసు. అయినా ఎలుగుబంటి కథే అడిగి మరీ చెప్పించుకునేవాళ్లు.

ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్సు కాలంలో ఆ కథ లేదు. తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గుడి స్వాములవారు, "అందరూ మాంసం మానారు. నువ్వు అబద్ధాలు మాను భూషణం" అన్నారు. కల్లు మానమన్నా బాగుండేది! సిలువ పట్టుకుని ఒట్టేసిన నాటి నుంచి ఆయన నోట "ఎండగా ఉంది", "నీళ్లు తెచ్చా" తప్ప మాట లేదు. జ్వరమొచ్చిందేమోనని జనం కషాయం కాచి తెచ్చారు.

ఇంట్లో అసలు జబ్బు వదిన నందేది. అన్న పోయాక ఆ గుడిసెలో మిగిలింది వాళ్లిద్దరే. చాప మీద నందే ఎండిన ఇప్పపువ్వులా ముడుచుకుపోయింది. జావ నోట పెడితే ఊసేస్తోంది.

ఆ శుక్రవారం, నీళ్లు దించుతుంటే సన్నగా అంది: "ఎర్రచీమల చాపడా పచ్చడైతే నాలిక్కి తగిలేదేమో." మరుక్షణమే నుదుటి మీద సిలువ గీసుకుంది. "వద్దులే. శుక్కురారం. ఎర్రచీమైనా ప్రాణమున్నదే గదా, మాంసమే."

అడుగుదామంటే స్వాములవారు శబరి ఏరు అవతలికి పోయారు. ఆదివారం దాకా రారు.

భూషణం మామిడెక్కాడు. ఆకులు కుట్టుకున్న చీమల గూడు తెంపేసరికి అవి పంచెలోకి దూరి తైతక్కలాడించాయి. కిందికి దుమికి, ఎన్ని కుట్టాయో చెప్పబోయి, ఒట్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. ఉప్పు, మిరపకాయ వేసి నూరి ఆకుడొప్పలో తెచ్చాడు.

నందే మొహం తిప్పుకుంది. "పోయే ముందు పాపం మూటగట్టుకోమంటవా, మరిదీ?"

ఆయన గోడ మీది సిలువకేసి చూశాడు. వదిన మెడ ఎముకల కేసి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇది మాంసం కాదు వదినా, చేప. చేపకు శుక్కురారం అడ్డం లేదు గదా. నోవా ఓడ ఎక్కబోతే వీటికి చోటు లేదన్నరు..."

"ఏనుక్కి చోటుంది గాని చీమకు లేదా?"

"ఏనుగే గదా దర్వాజకు అడ్డం నిలబడ్డది! జగదల్‌పూరు రాజావారి ఏనుగు లేదూ, దాని ముత్తాత. అప్పుడు ఇవేం జేసినయ్? ఆకులు కుట్టుకుని పడవ జేసుకున్నయ్. నలభై రోజులు నీళ్లల్ల బతికింది చేప గాక ఏంది? మళ్లా వరదొస్తదని ఇప్పటికీ కుడుతూనే ఉన్నయ్, చూడు."

నందే పొట్ట ఎగిరెగిరి పడింది. నవ్వో దగ్గో తెలియలేదు. వేలు పచ్చడిలో ముంచి నాకింది. పులుపుకు కళ్లు చెమర్చాయి. జావ కూడా తాగింది.

"ఎర్రిమరిదీ," అంది మూతి తుడుచుకుంటూ, "నా నోరు చప్పబడ్డది చీమల్లేక కాదు, నీ అబద్ధాల్లేక."

భూషణం బిక్కమొహం వేశాడు. "మరి నా ఒట్టు?"

"ఆ పాపం నేను కొంగున కట్టుకుపోతలే. పైన నోవానే అడుగుతా. నిజమని తేలితే నీకు గడ్డివామంత పుణ్యం. నువ్వు మాత్రం స్వాములవారి చెవి కొరకబాకు."

"ఎలుగుబంటి సంగతి కూడా అడగరాదూ?"

"పొయ్యిని అడిగితే చాలదా?" అని కళ్లు మూసుకుంది.

పొద్దు వాలింది. ఆయన పోయి పట్టా వాయించాడు. త్రికాల జపం చదువుకుని తిరిగి వచ్చేసరికి నందే పెదవి మీద నవ్వు అట్లాగే ఉంది, చెయ్యి మాత్రం చల్లబడింది. ఆ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. చెప్పాల్సిన కథలు ఇంకా బోలెడున్నాయి.

చాప పక్కన ఖాళీ ఆకుడొప్ప. రోటికి దొరక్కుండా తప్పించుకున్న ఒక ఎర్రచీమ, దిగే రేవు వెతుక్కుంటున్నట్టు, దాని అంచు మీద చుట్టూ తిరుగుతోంది.