కెప్టెన్ గారి చెవి

క్లేపూల్ వాళ్ళ ముందుగదిలో కెప్టెన్ ఆబ్నర్ క్లేపూల్ పటం వేలాడుతుంటుంది. మొహం ఎడమ చెంప ఒక్కటే కనబడేట్టు గీశారు, కుడి చెవి లేదు కనక. కోట కాపలాలో ఉండగా షానీ అనే ఆదివాసీ తెగ వీరుడి గొడ్డలి దెబ్బకు ఆ చెవి ఎగిరిపోయిందని ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఉగ్గుపాలతో పట్టారు. లేని చెవిని అడ్డం పెట్టుకుని ఇంత బతికిన వంశం కెంటకీ మొత్తంలో ఇంకొకటి ఉండదు. దాని పేరు చెప్పి ఒకడు జడ్జి అయ్యాడు, ఒకడు బొగ్గు కంపెనీకి వకీలయ్యాడు, మిగతావాళ్ళు ఏమీ కాకుండానే పెద్దమనుషులయ్యారు.

ఆ వంశంలో ఇప్పుడు మిగిలిన పెద్దదిక్కు లుసిల్ క్లేపూల్. 1975లో, అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్ళు నిండబోతున్నాయని ఊరూరా తాతల పిచ్చి పట్టినప్పుడు ఆవిడ ‘తొలి కుటుంబాల సంఘం’ పెట్టింది. కొండ మీది స్మశానాన్ని సంఘం పేర కొని, చుట్టూ ఇనప కంచె వేయించి, గేటుకు ఒక నిబంధన తగిలించింది. 1796కు ముందు ఈ కౌంటీలో కాపురమున్నవాళ్ళ సంతతిని, వాళ్ళ భార్యలను, భర్తలను మాత్రమే ఇక్కడ పూడ్చాలి. రుజువు పాత రికార్డుల్లోంచి తేవాలి.

అంటే చచ్చినవాడు కూడా తాతను చూపించాలి.

వెస్టా స్టాంపర్ చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు కాలర్లు కుట్టింది, రెండు సమ్మెలు నడిపింది. ఆరో తరగతి తర్వాత బడి మొహం చూడలేదు. పెళ్ళి చేసుకోలేదు. కంచె రాకముందే పోయిన ఆమె తండ్రి ఆ కొండ మీదే ఉన్నాడు. తల్లి ఆర్మింటా ఎనభై ఏడేళ్ళ మనిషి, మంచం పట్టింది. మంచు పడేదాకా ఉంటే ఎక్కువన్నాడు డాక్టరు. ఆవిడ కోరేది ఒక్కటే, మొగుడి పక్కన పడుకోవడం.

వెస్టా వెళ్ళి లుసిల్‌ను అడిగింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

“చూడు వెస్టా, మీవాళ్ళు మంచివాళ్ళే, కాదనను. కాని పుస్తకంలో లేరు,” అంది లుసిల్. తొలి కుటుంబాల చరిత్ర అని ఆ పుస్తకం ఆవిడే అచ్చు వేయించింది. మూడు వందల పేజీల్లో రెండు వందలు క్లేపూల్ వాళ్ళవే.

“పుస్తకంలో లేకపోతేనేం, మా నాన్న ఆ మట్టిలో ఉన్నాడు కదండీ.”

“అది వేరే సంగతి. రికార్డు కావాలి. అక్టోబరు మొదటి శనివారం మా సమావేశం. అప్పటికి తీసుకొచ్చావా, మాకూ సంతోషమే.”

స్టాంపర్ల ఇంటి బైబిల్లో పేర్లు వరసగా ఉన్నాయి. వెస్టా తండ్రి నుంచి వెనక్కి వెళ్తే మొదటివాడు మికాజా స్టాంపర్. కాని వాడు 1796కు ముందు ఇక్కడున్నాడని బైబిల్ చెప్పదు. కోర్టు చెప్పాలి.

కోర్టు రికార్డుల గదిలో గుమాస్తా డ్యూయీ స్పార్క్‌మన్ పాత సూచికలు తీసి చూసి పెదవి విరిచాడు.

“లేదు వెస్టక్కా. పట్టాల్లో లేడు, పన్నుల్లో లేడు, వీలునామాల్లో లేడు. సూచికలో ఎక్కాలంటే భూమన్నా ఉండాలి, దావా వేసినవాడన్నా అయ్యుండాలి.”

“మరి భూమి లేనివాడు ఎక్కడుంటాడు రా?”

“ఉంటే లోపల పేజీల్లో ఉంటాడు. సూచిక రాసినవాడికి ఓపిక లేకపోతే నేనేం చెయ్యను?”

“ఆ పుస్తకం ఇలా పడెయ్యి.”

మొదటి కోర్టు పుస్తకాన్ని ఒకటో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. గోధుమరంగుకు తిరిగిన సిరా, కోడి కెలికినట్టున్న రాత. కాలర్ కుట్టు చూసుకునే భూతద్దం పట్టుకుని మూడు వారాలు కూర్చుంది. తోడేలు తలకు బహుమతి, రోడ్డు వేయని వాళ్ళకు జరిమానా, కన్న బిడ్డకు తండ్రి ఎవరో చెప్పని పిల్లకు విచారణ. తొలి కుటుంబాలు! అచ్చు పుస్తకంలో గుర్రమెక్కి వచ్చిన మహానుభావులంతా ఇక్కడ తాగి పడిపోతున్నారు, పక్కవాడి గొడ్డును తోలుకుపోతున్నారు.

నలభై ఒకటో పేజీ దగ్గర భూతద్దం ఆగిపోయింది.

“డ్యూయీ, ఇటు రా. నేను చదివింది నువ్వూ చదువు.”

డ్యూయీ పైకే చదివాడు. “1795 మే నెల కోర్టు. ఆబ్నర్ క్లేపూల్ స్వయముగా హాజరై, పిండిమర వద్ద వంతు విషయమై జరిగిన కొట్లాటలో ఈ కౌంటీ నివాసి మికాజా స్టాంపర్ తన కుడి చెవిని పంటితో కొరికి తీసివేసెనని తెలుపగా, నమోదు చేయడమైనది.”

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. డ్యూయీ నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు.

“కొరికించుకున్నవాడు కోర్టుకొచ్చి చెప్పుకోవడమేంట్రా?” అంది వెస్టా.

“ఆ రోజుల్లో పందుల దొంగకు కోర్టు చెవి కోసేది అక్కా. చెవి లేనివాడు కనబడితే దొంగే. అందుకని కొట్లాటలో పోగొట్టుకున్నవాడు పరుగెత్తుకొచ్చి రాయించుకునేవాడు, నేను దొంగను కాను బాబోయ్ అని. ఇట్లాంటివి పక్క కౌంటీల్లోనూ ఉన్నాయి.”

“మరి లుసిల్ ఇది చూడలేదా?”

డ్యూయీ సూచిక తిప్పి చూపించాడు. ‘క్లేపూల్, చెవి, 1795, పేజీ 41’. అంతే ఉంది. ఇక అచ్చు పుస్తకంలో లుసిల్ ఏం రాసిందంటే, ‘కెప్టెన్ యుద్ధగాయాన్ని 1795లోనే కోర్టు నమోదు చేసి గౌరవించింది’ అని. పేజీ తెరిచిన పాపాన పోలేదు. తాత చెవి ఎలా పోయిందో ఆవిడకు ముందే తెలుసు, ఇంక చదవడమెందుకు? నేల పోగొట్టుకున్నది చాలక షానీ వాళ్ళు నూట ఎనభై ఏళ్ళుగా ఈ చెవి నింద కూడా మోశారు.

శనివారం గ్రంథాలయంలో సంఘం కూర్చుంది. పదకొండు మంది ఆడవాళ్ళు, ఇద్దరు ముసలాళ్ళు, అంచులు కోసేసిన కోడిమాంసం శాండ్‌విచ్‌లు. వెస్టా బైబిల్, కోర్టు ముద్ర వేసిన నకలు బల్ల మీద పెట్టి, నకలు పైకి చదివింది. నమిలేవాళ్ళు నమలడం ఆపేశారు.

“ఇది ఎవరో గిట్టనివాళ్ళు రాసిన రాత,” అంది లుసిల్. మెడ దాకా ఎర్రబడింది. “ఈ పేజీని సంఘం ఒప్పుకోదు.”

“కొట్టేయండి లుసిల్ గారూ. మీ కెప్టెన్ గారి పట్టా 1799. పన్నుల్లో పేరెక్కింది 1797. అంతకుముందు ఆయన ఇక్కడున్నాడనడానికి మీ పుస్తకంలో ఉన్నది ఈ ఒక్క పేజీయే. ఇది అబద్ధమైతే నేనూ బయటే, మీరూ బయటే. గేటు అవతల ఇద్దరం కలిసి కూర్చుందాం, శాండ్‌విచ్‌లు మీరే తెండి.”

వెనక వరసలో ఎవరో దగ్గుతో నవ్వు కప్పుకున్నారు. లుసిల్ వెస్టాను పుస్తకాల అలమర పక్కకు తీసుకెళ్ళింది.

“మీ అమ్మను పెట్టుకోమ్మా. దయతో ఒప్పుకుంటాం. ఆ నకలు మాత్రం నాకిచ్చెయ్యి. దాంతో నీకేం పని?”

ఒక్క క్షణం వెస్టా కాగితం మీద పట్టు వదులైంది. అమ్మకు వారాలే మిగిలాయి. ఊ అంటే ఈ సాయంత్రమే ఇంటికెళ్ళి చెప్పొచ్చు. కాని ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చూసింది. దయతో ఇచ్చిన సెలవు సోమవారానికల్లా లాక్కునేవాళ్ళు. రాసి ఇచ్చింది మాత్రం లాక్కోలేకపోయారు.

“మీ దయ మీ దగ్గరే ఉంచుకోండి. హక్కని రాయండి.”

సభ్యత్వ ఫారం తెప్పించుకుంది. అందులో ‘పూర్వీకుడు ఈ ప్రాంతానికి చేసిన సేవ’ అని ఒక గడి. కోట కట్టాడు, చర్చి కట్టాడు అని అందరూ నింపుకున్న గడి అది. వెస్టా పెన్ను తీసి, ‘మర దగ్గర వరస తప్పినవాణ్ణి ఆపాడు’ అని రాసింది. ఒప్పుకునేవాళ్ళను చేతులెత్తమంటే తొమ్మిది లేచాయి. ఎత్తకపోతే తమ రుజువుల పేజీలూ ఎవరైనా తెరిచి చూస్తారని భయం. కార్యదర్శి ముసలాయన పెటస్ ఆ ముక్కను రిజిస్టర్లోకి అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాడు.

సాయంత్రం బీన్స్ పులుసులో మొక్కజొన్న రొట్టె నాన్చి తినిపిస్తూ వెస్టా అమ్మకు అంతా చెప్పింది. ఆర్మింటా కళ్ళు మూసుకుని వింది.

“క్లేపూల్ వాళ్ళు మీ నాన్నకు ఎటుపక్క?”

“ఎడమ పక్క, రెండు రాళ్ళవతల.”

“అయితే నన్ను కుడి పక్కన పెట్టు.”

“అదేంటే, ఇప్పుడు ఒకే సంఘం వాళ్ళం కదా!”

“కొరికి ఉమ్మేసిన దానితో చుట్టరికమేంటే?” అంది ముసలిది. ఇంకో ముద్ద పెట్టమని నోరు తెరిచింది.

నవంబరు రెండో వారంలో కొండ మీద స్టాంపర్లే గొయ్యి తవ్వుకున్నారు, కుడి పక్కన. సంఘం తరఫున ఎవరూ రాలేదు. ఎవరూ పిలవనూ లేదు.