అద్దానికి అవతల తరగతి

మా అమ్మని చూసి ఒక తరగతి మొత్తం నవ్వింది. ఆ నవ్వు చెవుల్లో పెట్టుకునే నేను సైకాలజీ చదివాను, పీహెచ్‌డీ చేశాను, చివరికి ఆ తరగతి నడిచిన విభాగానికే అధిపతినయ్యాను. కుటుంబాల్లో మానసిక గాయాల మీద పరిశోధన ఎందుకు ఎంచుకున్నారని ఎవరైనా అడిగితే సేవాభావం అంటాను. అబద్ధం. అసలు కారణం కసి.

తమ్ముడు పోయాక అమ్మ వాడి దిండు ఒళ్లో పెట్టుకుని కథలు చెప్పేది. బడిలో చదువుతున్న నేనే బతిమాలి ఆవిణ్ని యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గదిలో గోడంతా ఒకే అద్దం. అవతలి గది చీకటిగా ఉన్నంతసేపూ ఇటువాళ్లకి తమ ముఖాలే కనిపిస్తాయి. అటువాళ్లకి మాత్రం అన్నీ కనిపిస్తాయి, వినిపిస్తాయి. విద్యార్థులకు పని నేర్పడానికి అలా కడతారు. వచ్చినవాళ్లకి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే అవతల ఎవరినైనా కూర్చోబెట్టాలి. ఆయన మాత్రం అవతల ఎవరూ లేరన్నాడు. అమ్మ దిండు సంగతి చెప్పగానే గోడ వెనకనుంచి నవ్వులు వినిపించాయి. అమ్మ నోరు అక్కడితో మూతపడింది. చచ్చేదాకా మళ్లీ ఏ డాక్టరు గడపా తొక్కలేదు. ఆయనేమో ఆ దిండు మీద వ్యాసం రాసి పేరు తెచ్చుకున్నాడు. దాన్ని పళ్లు నూరుకుంటూ ఎన్నిసార్లు చదివానో.

ఇన్నేళ్ల తర్వాత ఆయనే నా గుమ్మంలోకి వచ్చాడు, రిటైరై, భార్య పోయి, కూతుర్ని వెంటబెట్టుకుని. నన్ను గుర్తుపట్టలేదు. నిద్ర పట్టడం లేదనీ, మన విభాగమే కదా అని వచ్చాననీ అన్నాడు. నా పంట పండింది. మర్నాడే రమ్మన్నాను.

అద్దం అవతల నా తరగతి మొత్తాన్నీ కూర్చోబెట్టాను. వచ్చేవాళ్లు ఒప్పుకున్నారని పిల్లలకి చెప్పాను. నేను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టగానే వాళ్ల గదిలో లైటు వెయ్యమన్నాను. సిగ్గుతో ఆయన తల వాలిపోవడం నా కళ్లతో చూడాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

కూర్చోగానే కూతురు అద్దం వైపు చూసి, అవతల ఎవరైనా ఉన్నారా అని అడిగింది. లేరన్నాను. నా నాలుక తడబడలేదు.

ఆయన నోరు విప్పకముందే ఆ అమ్మాయి మనసులోది బయటపెట్టేసింది. నాన్న రోజూ పడుకునే ముందు అమ్మ నంబరుకి ఫోన్ చేస్తాడట. ఎవరూ తియ్యకపోతే ఏడుస్తాడట. అందుకని పక్కగదిలో తనే తీసి, అమ్మ గొంతుతో మాట్లాడుతుందట. మందు వేసుకున్నారా, తలుపు గడియ పెట్టారా అని అచ్చం అమ్మలాగే అడుగుతుందట. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనుకోరు.

"ఈమధ్య ఆఫీసులో కూడా ఆ గొంతే వచ్చేస్తోంది మేడమ్. నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు రావట్లేదు," అంది.

అక్కడే ఆపాల్సింది. ఆయన్ని బయట కూర్చోబెట్టి, ఆ పిల్లకి కాసిని మంచినీళ్లిచ్చి, ఆ మాట పూర్తిగా వినాల్సింది. నేను జీతం తీసుకునేది అందుకే. కానీ ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంతకంటే మంచి అదను దొరకదనిపించింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాను.

లైటు వెలిగింది. అద్దంలో మా ముఖాలు చెరిగిపోయి వరసలుగా కుర్రముఖాలు కనిపించాయి. వాళ్లలో ఎవరూ నవ్వలేదు.

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు, చొక్కా సర్దుకున్నాడు, లేచి అద్దం ముందుకి నడిచాడు. తల వాలలేదు సరికదా, ముఖం వెలిగిపోయింది. తరగతి ముందు నిలబడి ఎన్నాళ్లయిందో పాపం.

"గమనించారా? బిడ్డ తనకు తెలియకుండానే తల్లి చోటులోకి ఎలా జరిగిపోతుందో ఇప్పుడే విన్నారు," అంటూ పాఠం ఎత్తుకున్నాడు.

బోర్డు మీది బొమ్మని చూపించినట్టు కూతురి వైపు చెయ్యి చూపిస్తున్నాడు. సందేహాలుంటే అడగమన్నాడు. నా వైపు తిరిగి, దీని మీద మనిద్దరం ఒక వ్యాసం రాద్దాం, కావాలంటే నీ పేరే ముందు పెట్టుకో అన్నాడు.

నేను ఇన్నేళ్లు కాచుకున్న సిగ్గు ఆయన దగ్గర అసలు లేనే లేదు. అదంతా పక్క కుర్చీలో ఉంది, చేతిసంచిని ఒళ్లోకి అదుముకుని, తల వంచుకుని. ఆ కుర్చీ దగ్గరికి వెళ్లాను.

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. ఆయన్ని కాదు, నన్ను.

"మా నాన్న సంగతి నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసండీ," అంది. "నేను నమ్మింది మిమ్మల్ని."