పాలపాకెట్ పక్కన నా చావు

మీరే చంపారు. ఎవర్నో అంటున్నానన్నట్టు అటూ ఇటూ చూడకండి సూపరింటెండెంటు గారూ, మిమ్మల్నే.

నేను ఒక ప్లేట్‌లెట్‌ని. హమాలీ గురవయ్య ఎముక మూలుగలో ఒక పెద్ద కణం తన ఒళ్లు తెంపి రక్తంలోకి వదిలితే పుట్టాను. గట్టిగా పదిరోజుల బతుకు. అయినా వట్టి చేతుల్తో పుట్టలేదు. నా కడుపులో బుల్లి సంచులున్నాయి. కొన్నిట్లో గాయం మీద వల అల్లే సరుకు, పుండు మాన్పే సరుకు. ఇంకొన్నిట్లో కాల్షియం, తోటి ప్లేట్‌లెట్లను కేకేసి పిలిచే రసాయనం, రక్తనాళాన్ని బిగబట్టే సెరటోనిన్. ఈ సెరటోనిన్ నేను చెయ్యలేను. పేగుల్లో పుట్టి రక్తంలోకొస్తే ఏరుకుని దాచుకుంటాను. గాయం కనబడేదాకా ఒక్క సంచీ విప్పను. కనబడితే ఒక్కటీ దాచను. మీ ఆస్పత్రి స్టోర్‌రూమ్‌లో లాగా అవసరానికి తాళంచెవి పోవడం మా ఇంటావంటా లేదు.

నూకాలమ్మ మీ కాలనీ మురుక్కాలవ తోడే మనిషి. మిమ్మల్ని కుట్టాల్సిన దోమ ఆమెను కుట్టింది. డెంగీ. చిగుళ్లలోంచీ ముక్కులోంచీ రక్తం. పొరుగింటి గురవయ్య రక్తమిస్తానని చెయ్యి చాపితే బ్లడ్‌బ్యాంకు వాళ్లు మమ్మల్ని సంచికెత్తి వార్డుకు పంపారు. మాకు గది వేడి చాలు, మెల్లగా ఊపుతుంటే చాలు.

సరిగ్గా అప్పుడే తమరి రౌండ్స్! బల్ల మీద గుడ్డపీలిక కనబడినా నర్సును పదిమందిలో కడిగేస్తారు కదా.

"అక్కా, సారు మెట్లెక్కుతున్నాడు! ఈ సంచేం చెయ్యను?" అంది ఆయా.

"ఫ్రిజ్‌లో పెట్టెయ్యవే. చల్లగా ఉంటే పాడవదు," అంది నర్సు.

"అందులో మీ పాలపాకెట్టుంది."

"పక్కకి జరుపు!"

మూడు గంటలసేపు ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నాను. మీరు బల్ల మీద వేలితో గీసి, దుమ్ము లేదని మెచ్చుకుని వెళ్లారు. భేష్! ఈలోగా చలికి నా పలచటి ఒళ్లు ముళ్లబంతి అయిపోయింది. ఇక ఎక్కించినా కాలేయం ఏరి పారేస్తుంది.

బ్లడ్‌బ్యాంకు టెక్నీషియన్ వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "ఇది ఫ్రిజ్‌లో పెట్టే రక్తం కాదు తల్లీ, చలికి చస్తుంది!"

"మాకెవరు చెప్పారయ్యా?" అంది నర్సు.

నిజమే, ఎవరు చెప్పారు? నేర్పించాల్సిన రోజు వాళ్లచేత మంత్రి గారికి తోరణాలు కట్టించారు మీరు.

పసుపు చెత్తడబ్బాలో ఉన్నాను. నా కడుపులో సంచులు నిండుగానే ఉన్నాయి, గాయమే అందలేదు. నూకాలమ్మ కొంగు ఇంకా రక్తంతో తడుస్తోంది. గేటు దగ్గర గురవయ్య తమ్ముడు చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడ్డాడు.

లేవండి. అతన్ని లోపలికి పిలవండి. ప్లేట్‌లెట్లు ఇందులో పెట్టొద్దని ఆ ఫ్రిజ్ తలుపు మీద ఇంతింత అక్షరాలతో రాయించండి. పాలపాకెట్ తీసి అవతల పెట్టండి. కొత్త సంచి తయారవగానే మీ చేతుల్తో మోసుకెళ్లి నూకాలమ్మకు ఎక్కించండి. ఇప్పుడే. దుమ్ము రేపు చూసుకోవచ్చు.