మరలున్న పిన్ను

గేర్‌బాక్సు వేలి మందాన వెనక్కి జరిగి, అక్కడే మొండికేసింది.

టీచరమ్మ కారు అది. క్లచ్ అరిగిపోయింది. కొత్తది వెయ్యాలంటే గేర్‌బాక్సు ఇంజన్ నుంచి విడిపడి కిందికి దిగాలి. పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టాను, మధ్యాహ్నం రెండయినా దిగలేదు. దిగకపోతే షెడ్డు నా చెయ్యి జారిపోతుంది. మా మామయ్యకు కుడిచెయ్యి పట్టు తప్పినప్పటి నుంచి, నాలుగేళ్లుగా ఇక్కడ పనంతా నేనే లాక్కొస్తున్నాను. ఇప్పుడు ఆయన అల్లుడు, అంటే నా ఆడపడుచు మొగుడు, షెడ్డు తనకు అప్పగించమంటున్నాడు. వరసకు నాకు అన్నయ్య. అలాంటి అన్నయ్య పగవాళ్లకు కూడా వద్దు.

పొద్దుటి నుంచీ స్టూలు వేసుకుని నా చేతులకేసే చూస్తున్నాడు. చెల్లెమ్మా, పెద్ద సుత్తితో రెండు తగిలించు, అదే వస్తుందని సలహా ఒకటి. తగిలిస్తే అల్యూమినియం మూతి పగులుతుంది. పగిలితే నాకు పని రాదనడానికి ఆయనకు సాక్ష్యం దొరుకుతుంది. ఆమాత్రం తెలియని వెర్రిదాన్ని కాను. నాలుగింటికల్లా దిగకపోతే కారును పెద్ద వర్క్‌షాపుకు లాగించేద్దామని, షెడ్డు సంగతి కూడా ఇవాళే తేల్చేద్దామని అన్నాడు. మామయ్య ఔననలేదు, కాదనలేదు. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

ఆ మౌనానికి నాకు ఒళ్లు మండింది. పని నేర్పింది ఆయనే. విప్పిన ప్రతి బోల్టునూ అట్టముక్క మీద, అది ఏ చోటిదో ఆ చోటే గుచ్చిపెట్టాలని నేర్పిందీ ఆయనే. అట్ట చూశాను. కన్నాలన్నీ నిండి ఉన్నాయి. విప్పాల్సిన బోల్టేదీ మిగిలిపోలేదు. మరి పట్టుకున్నదేమిటి?

కారు కిందికి దూరాను. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఎడమవైపు సందు తెరుచుకుంది, కుడివైపు బిగుసుకుపోయింది. అక్కడ ఉండాల్సింది నున్నటి పిన్ను. రెండు భాగాలూ సూటిగా కూర్చునేలా దారి చూపుతుంది, అంతే. సందులోకి లైటు వేసి, చిన్న అద్దం పెట్టి చూశాను. పిన్నుకు మరలున్నాయి. ఎవరో మహానుభావుడు బోల్టు తల కోసేసి, పిన్నుకు బదులు దాన్ని దిగ్గొట్టాడు. మరల నిండా తుప్పు పట్టి కరుచుకుపోయింది.

ఇక సుత్తి మాటెత్తితే ఊరుకోనని అన్నయ్యతో చెప్పేశాను. తుప్పు వదిలించే నూనె పోసి అరగంట ఆగాను. ఆయన గడియారం పదిసార్లు చూశాడు. చూసుకోనీ. నూనె శుభ్రంగా తుడిచి, మూతిని చుట్టూ గ్యాస్ మంటతో వేడిచేశాను. వేడికి అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ సాగి, పట్టు వదులుతుంది. వెనకనుంచి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో తట్టాను. కొట్టలేదు, తట్టాను. ముప్పయ్యో దెబ్బకో ఏమో కదిలింది. మూడూ నలభైకి గేర్‌బాక్సు జాకీ మీద కూర్చుని కిందికి దిగింది.

కోసిన బోల్టును పట్టకారుతో తెచ్చి అన్నయ్య ముందు పెట్టాను. ఒకప్పుడు ఆయన కూడా ఇక్కడ చెయ్యి వేసేవాడు. ఇది మీ పనేనా అని అడిగాను.

“అతన్నెందుకంటావు? అది నేను చేసిందే,” అన్నారు మామయ్య.

ఐదేళ్ల కిందట ఈ కారుకు క్లచ్ వేసింది ఆయనే. అప్పటికే చెయ్యి వణకడం మొదలైందట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. పిన్ను జారి ఎక్కడో పడిపోయిందట. వెతికిపెట్టమని నన్ను అడగడానికి నామోషీ వేసిందట.

“పొద్దుటి నుంచీ మీకు తెలుసా?”

“అది ఆగినప్పుడే తెలిసింది.”

ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందొచ్చింది. నన్ను చేతకానిదాన్ని చేస్తుంటే వింటూ కూర్చున్నారు ఈయన!

మామయ్య అల్లుడి వైపు తిరిగి, షెడ్డు కోడలిదేనని, ఇక ఆ మాట ఎత్తొద్దని చెప్పారు. అన్నయ్య స్టూలు గోడకు జరిపి వెళ్లిపోయాడు. ఇంకో రోజైతే మామయ్య కాళ్లకు దండం పెట్టేదాన్ని. ఇవాళ పెట్టలేదు.

“షెడ్డు నాదైతే నా మాట వినాలి. ముందు టీచరమ్మకు ఫోన్ చేసి, ఆ బోల్టు పెట్టింది మీరేనని మీ నోటితో చెప్పండి,” అన్నాను.

మామయ్య ఎడమచేత్తో ఫోన్ పట్టుకున్నారు. కుడిచేతి వేలు అంకె మీద నిలవలేదు. నంబరు నేనే నొక్కాను. అవతల టీచరమ్మ ఎవరండీ అని అడిగింది.

“షెడ్డులో పనివాణ్ణమ్మా,” అన్నారు మామయ్య. “మా మేస్త్రీ మీకో మాట చెప్పమంది.”