పక్క కుట్టు

మిషను పాదం కింద రెక్సిను అంచు చివరి మూల తిరిగింది. కేశవ దారం తెంపి, కుట్టు మీద బొటనవేలు రాసి చూసుకున్నాడు. ఎక్కడా తగల్లేదు. గనుల ఊరు ఆండర్సన్‌పేటలో కారు సీటుకు కవరు వేస్తే చర్మంలా అతుక్కోవాలి. గోరు దూరే సందు కనబడిందా, పనివాడి పరువు పోయినట్టే.

ముందు సీట్లు రెండింటికీ నిన్న సాయంత్రమే కవర్లు తొడిగేశాడు. మిగిలింది తల ఆనించే దిండుకే. గోధుమరంగు రెక్సిను, పసుపు అంచు. ఎవరూ అడగని పని.

కారు అంబరీష్‌ది. కేశవ ఇంటి ముందు భాగంలో అద్దెకున్న ఆ కుటుంబం ఈ రోజే బెంగళూరుకు మకాం మార్చేస్తోంది. వాళ్ల పిల్లవాడు యశస్ మొదటి అడుగులు వేసింది ఈ మిషను స్టాండు పట్టుకునే. కేశవ భార్య మునిలక్ష్మి పోయాక, ఆ ఇంట్లో మిషను చప్పుడు కాకుండా మరో చప్పుడు వినబడిందంటే వాడి పుణ్యమే.

మెకానిక్ ఆనంద్ ఆటోలోంచి ఒక పాత సీటు దింపి గుమ్మంలో పడేశాడు.

"స్పాంజి బాగుండాది కేశవన్నా, తీసుకో."

సీటు పక్క కుట్టు నిలువునా చీలి ఉంది. అందులోంచి తెల్లటి సంచి ఒకటి పేగులా వేలాడుతోంది.

"ఇదేందప్పా?"

"ఎయిర్‌బ్యాగు. లారీ పక్కనుంచి గుద్దినాది. ఇది చీల్చుకోని వచ్చి అడ్డం పడినాది కాబట్టి మనిషి బతికినాడు. నీ కవరుంటే యాడనుంచి వచ్చేది? నువ్వు జోడు కుట్టు వేస్తే దెయ్యం కూడా బయటికి రాదు గదా!"

ఆనంద్ నవ్వాడు. కేశవ నవ్వలేదు. అంబరీష్ సీటు పక్కన ఉబ్బెత్తుగా ఉన్న, ఏదో ఇంగ్లీషులో రాసున్న గుడ్డ చీటీని అణిచి, సరిగ్గా అక్కడే జోడు కుట్టు వేశాడు నిన్న.

"ముందర కూచోని ఒళ్లో బిడ్డను పెట్టుకుంటే?"

"వద్దే వద్దు. డ్యాష్‌బోర్డులోంచి వచ్చే ముందరి బ్యాగు మెల్లగా రాదన్నా, గుద్దినట్టు వస్తాది. బెల్టు పెట్టుకున్న పెద్దోళ్లకు మేలే. బిడ్డకైతే ప్రాణం తీస్తాది."

బయట కారు ఇంజను మోగింది. కేశవ బ్లేడు అందుకుని పరిగెత్తాడు.

ముందు సీట్లో అంబరీష్ భార్య దీపశ్రీ, ఒళ్లో యశస్.

"దిగు దీపమ్మా. కవర్లు తీసేయాల."

"అయ్యో, ఎంత బాగుండాయి! నీ గుర్తుగా మాతో వచ్చేది ఇదొక్కటే గదా మామా."

కేశవ చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే.

"బ్యాగుకు అడ్డం కుట్టేసినానమ్మా. దిగు."

"రాహుకాలం వచ్చేస్తాది మామా," అంబరీష్ వాచీ చూసుకున్నాడు. "ఆమె పక్కది తీసి, నాది ఉండనీ."

"నువ్వు మనిషివి కాదా?"

బ్లేడు కదిలింది. తన కుట్టు తనకే లొంగలేదు. వేలు తెగింది. రక్తం సీటుకు అంటకుండా చొక్కాకు తుడుచుకుంటూ రెండు కవర్లూ ఊడబెరికాడు.

"బిడ్డకు వేరే సీటు లేదా?"

"వెనక కట్టినాము. కూచోడు, ఏడుస్తాడు."

"ఏడవనీ."

తనే ఎత్తుకుని వెనక కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. యశస్ కాళ్లు తన్నుతూ, తాత చేతిని రెండు చేతులతో తోసేశాడు. దీపశ్రీ వాడి పక్కన చేరింది. బండి కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా వాడి ఏడుపు వినబడుతూనే ఉంది.

కేశవ కవర్లతో లోపలికి వచ్చి కూర్చున్నాడు. గనుల దిబ్బల మీది దుమ్ము గాలికి లేచి మిషను మీద వాలుతోంది. వేలికి గుడ్డ చుట్టుకున్నాడు. తలదిండు కవరు ఇంకా మిషను పాదం పక్కనే ఉంది.

కాళ్ల దగ్గర ఊడదీసిన కవరు, లోపల ఏమీ లేకపోయినా సీటు వంపుతోనే నిలబడి ఉంది. దాని పసుపు అంచు మడతలో, నిన్న సాయంత్రం యశస్ కుక్కిన బిస్కెట్టు ముక్క.