ఖాళీ గొట్టంలో కొవ్వు

బుచ్చయ్య ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టలేదు, కొట్టాడు.

"గిది మీ సంతకమేనా మేడమ్?"

ఎల్బీనగర్ మెట్రో స్టేషను వెనక సందులో ఉన్న ఆ పరిశోధనశాలలో వాసంతి ఇరవై తొమ్మిదేళ్లుగా కొవ్వులను వేరుచేసి చూస్తోంది. సంతకం ఆమెదే, నాలుగు నెలల నాటిది. బుచ్చయ్య కూతురు అఖిల రక్తకణాల మీద లంగరు కొవ్వు ఉన్నదనీ, డాక్టర్లు అనుమానించిన జబ్బు లేదనీ ఆ నివేదిక చెబుతోంది.

"లేదంటిరి. ఐరన్ గోలీలు మింగుమన్నరు, మింగింది. ఇప్పుడు కాలేయం నరంల రక్తం గడ్డకట్టి దవాఖానల పడ్డది. డాక్టరేమో మళ్ల గదే రోగమని అనుమానపడుతున్నడు, మీ కాగితమేమో కాదంటది. ఎవల్ని నమ్మాలె నేను?"

"రెండు రోజులాగన్నా. మళ్ల చేసి చూస్త."

"నేనాగుత. నా బిడ్డ ఆగుతదా?"

కణం పైపొర మీద కొన్ని ప్రోటీన్లు నిలబడాలంటే వాటి అడుగున కొవ్వుతో చేసిన లంగరు ఉండాలి. అది లేని కణాల మీద కాపలా ప్రోటీన్లు నిలవవు. అప్పుడు ఒంటిని కాపాడవలసిన వ్యవస్థే సొంత రక్తకణాలను పగలగొడుతుంది, నరాల్లో గడ్డలు కట్టిస్తుంది. అఖిలకు ఆ లంగరు ఉన్నదని వాసంతి రాసింది. ఉన్నదంటే, కొవ్వులను విడదీసే తెల్లపొడి పలక మీద ఆ కొవ్వు చేరే చోట గోధుమరంగు మచ్చ కనబడింది కాబట్టే. మరి ఆ మచ్చ ఎక్కడి నుంచి వచ్చింది?

ఆమె తండ్రి మారయ్య పోచంపల్లిలో చీరల నూలుకు రంగు అంటకుండా చిటికి ముడులు కట్టేవాడు. నూలు మీద వేసిన ముడి వదులైతే రంగు లోపలికి పాకుతుంది. ఆ తప్పు మగ్గం ఎక్కేదాకా కనబడదు. కనబడినప్పుడు ఆయన మగ్గాన్ని తిట్టేవాడు కాదు, ఏ రోజు ఏ చేత్తో ఆ ముడి వేశాడో గుర్తు చేసుకునేవాడు. వాసంతి కూడా నోటుపుస్తకం ముందేసుకుని వెనక్కి నడిచింది.

సీసాలు కడిగే రాములమ్మను ఆరు నెలల కింద తీసేశారు. గాజు గొట్టాలు కడిగేవాళ్లు లేక, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గొట్టాలు తెప్పించారు. కొవ్వును కరిగించే క్లోరోఫాం ప్లాస్టిక్‌ను కూడా కొంత కరిగించుకుంటుంది, అదీ పలక మీద మచ్చగా పడుతుంది. రక్తం లేకుండా, మిగతా పనంతా అలాగే చేసి నడిపే ఖాళీ గొట్టం పక్కన ఉంటే ఆ దొంగమచ్చ మొదటిరోజే దొరికిపోయేది. కానీ ఒక్కో గొట్టానికి ఒక్కో గీత చొప్పున ఒక పలకకు ఎనిమిది గీతలే పడతాయి. ఖాళీ గొట్టానికి ఒక గీత దండగనీ, అక్కడ ఇంకో రోగిది పెట్టవచ్చనీ డైరెక్టరు రామమోహనరావు అన్నాడు.

సరేనన్నది వాసంతి. ఆ తేదీ దగ్గర 'ఖాళీ గొట్టం ఆపాం' అన్న తన రాత చూసేసరికి ఆమె చెవులు వేడెక్కాయి. అంతసేపూ రామమోహనరావు మీద పెంచుకుంటున్న కోపంలో సగం ఇంటిదారి పట్టి ఆమె మీదకే తిరిగింది.

రాములమ్మ ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్ డిపో ఎదుటి జ్యూస్ బండి దగ్గర గ్లాసులు కడుగుతోంది. వాసంతిని చూసి చేతులు తుడుచుకోలేదు.

"ఏందమ్మా, తోవ తప్పినవా?"

"మన గాజు గొట్టాలు ఏడవెట్టినవ్ రాములమ్మా?"

"గిప్పుడు యాదికొచ్చినయా? పారేయమన్నడు మీ సారు. ఇరవై ఏండ్లు పిల్లల లెక్క కడిగిన, పారేస్తనా? ఆడనే అటక మీదున్నయ్, నా పాత చీరల చుట్టి."

"జర వచ్చి కడిగిపోతవా? నీ లెక్క నాకు రాదు."

"నన్ను తీసేసిన్నాడు నువ్వేం మాట్లాడినవమ్మా?"

రాములమ్మ ఒక గ్లాసు బోర్లించి, ఇంకో గ్లాసు బోర్లించి, "పా," అన్నది. "నీ కోసం గాదు. గా పిల్ల కోసం."

మూడోనాడు పొద్దున వాసంతి పలకను, మచ్చలను పైకి తేల్చే అయొడిన్ ఆవిరి పెట్టెలోంచి తీసింది. ఖాళీ ప్లాస్టిక్ గొట్టం: మచ్చ ఉంది. ఖాళీ గాజు గొట్టం: లేదు. ఫ్రీజరులో మిగిలిన అఖిల తెల్లకణాలు, ప్లాస్టిక్‌లో: మచ్చ ఉంది. అవే గాజులో: లేదు. పోల్చడానికి వాసంతి సొంత రక్తం, గాజులో: మచ్చ ఉంది.

అఖిలకు లంగరు లేదు. నాలుగు నెలల కింద కూడా లేదు.

రామమోహనరావు పలకను చూశాడు. తెలివైనవాడు, చెప్పకుండానే అర్థమైంది.

"ఏవండీ వాసంతి గారూ, పైవారం తనిఖీ బృందం వస్తోంది. ఇది ఇప్పుడు బయటపెడితే ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన ముప్పై ఒక్క రిపోర్టులు తప్పంటారు."

"తప్పు కావచ్చు గద సార్. అందరివీ మళ్ల చెయ్యాలె."

"చేద్దామండీ, నేను కాదన్నానా? ఒక్క వారం. అయినా ఓ పావుగంట పోతే అయొడిన్ ఎగిరిపోయి మచ్చలే ఉండవు. అప్పుడు స్థిమితంగా కూర్చుని మాట్లాడుకుందాం."

ఆ 'స్థిమితంగా' అనే మాట దగ్గర ఆమె ఓపిక తెగింది. జేబులోంచి పెన్సిలు తీసి మొదటి మచ్చ చుట్టూ సున్న చుట్టింది. తెల్లటి పొడి రాలేంత గట్టిగా. తర్వాతిది, ఆ తర్వాతిది. మచ్చ లేని రెండు చోట్లా అడ్డగీతలు కొట్టింది.

"ఇగ ఎగిరిపోనియ్యండి సార్. వారంల ఆ పిల్లకు ఇంకో గడ్డ కడితే దాని చుట్టు సున్న ఎవరు చుడతరు?"

"నేను సంతకం పెట్టను."

"మీదవసరం లేదు. మొదటిదాని మీద ఉన్నది నాదే."

నిలబడే రాసింది. మొదటి నివేదిక తప్పు. మచ్చ ప్లాస్టిక్ గొట్టానిది. ఖాళీ గొట్టం నడపలేదు. నడపకపోవడానికి అంగీకరించింది కింద సంతకం చేసిన నేను. పలకను ఫోటో తీసి, ఆ కాగితాన్నీ కలిపి ముందు దవాఖాన డాక్టరు ఫోనుకు పంపింది. అటునుంచి జవాబు రాగానే కాగితం తీసుకుని, బుచ్చయ్య కాచుకుని ఉన్న వరండాలోకి వెళ్లింది.

బుచ్చయ్య కూర్చోలేదు. నిలబడే చదివాడు, వేలు పెట్టి, రెండుసార్లు.

"అంటే, నాలుగు నెలల కిందనే తెలిసేదా?"

"తెలిసేది."

"గా ఒక్క ఖాళీ గొట్టం పెడితే."

"పెడితే."

బుచ్చయ్య పాత కాగితాన్నీ కొత్తదాన్నీ కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"డాక్టరుకు ఫోన్ల చేరింది," అన్నది వాసంతి. " మందు ఇయ్యాల్నే మొదలుపెడ్తనన్నడు. నువ్వు ముందు అటు పో అన్నా."

"పోత. మందు పడ్డంక మళ్ల వస్త మేడమ్. మీతోని మాట్లాడేదుంది."

"రా," అన్నది వాసంతి. "నేనీడనే ఉంట."