ఆపైన లోగో

తోడికోడళ్ళు ఒకే పొయ్యి దగ్గర ఇమిడితే ఇమడవచ్చు గానీ, ఒకే తెర దగ్గర మాత్రం ఇమడరు. ఆ స్టూడియోలో రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే తెర ఒక్కటే ఉంది. అది పెద్దకోడలి బల్ల మీద ఉంది. చిన్నకోడలి బల్ల మీది పాత తెర దేన్ని చూపించినా కాస్త నీలం పులిమి చూపిస్తుంది. మామగారు కెమెరా భుజాన వేసుకుని తిరిగిన రోజుల్లో పెట్టిన స్టూడియో అది. ఇప్పుడు కొడుకులిద్దరూ బయట షూటింగులు చూసుకుంటారు, కోడళ్ళిద్దరూ లోపల ఎడిటింగ్ చేస్తారు. ఏ వీడియో అయినా గడప దాటాలంటే ముందు పెద్దకోడలి తెర మీదికి రావలసిందే. ఆమె చూసి "ఊఁ" అనాల్సిందే. ఆ "ఊఁ" కోసం ఇంటిల్లిపాదీ ఆమె మొహంకేసి చూస్తారు. అన్నం తినకపోయినా ఆమెకు ఆ చూపులతో కడుపు నిండేది.

చిన్నకోడలు వచ్చిన కొత్తల్లోనే మామగారి నోట ఒక మాట మొదలైంది. "చిన్నమ్మాయి చెయ్యి పడితే ఎంత మొండి పనైనా లొంగుతుంది" అని. తన చెయ్యి అన్నేళ్ళుగా పడుతూనే ఉంది కదా, ఒక్కనాడైనా ఆ మాట వినబడిందా? పెద్దకోడలికి గుండెల్లో కారం రాసినట్టయింది.

అలా ఉండగా గొడుగులు తయారుచేసే ఒకాయన ప్రకటన చేసిపెట్టమని వచ్చాడు. మామగారు ఆ పని చిన్నకోడలికే అప్పగించాడు. "ఇది ఆయనకు నచ్చితే ఇకమీదట ఆయన ప్రకటనలన్నీ మనవే. అప్పుడు ఆ మంచి తెరని చిన్నమ్మాయి బల్ల మీదికి మారుద్దాం. ఇక రంగులతో కుస్తీ పట్టేది ఆ పిల్లే కదా" అన్నాడు, కుర్చీ జరుపుతున్నంత తేలిగ్గా.

పెద్దకోడలు తెర మీద లేని దుమ్మును కొంగుతో తుడిచింది.

గొడుగులాయన లోగో, విప్పిన గొడుగు బొమ్మ. నిగనిగలాడే వంగపండు రంగు. ప్రకటన అంతా మాత్రం సాయంత్రపు ఎండలా బంగారు ఛాయలో ఉండాలన్నాడు. చిన్నకోడలు కుర్చీ ఇటు తిప్పి అడిగింది.

"అక్కా, ప్రకటన అంతటికీ ఎండ రంగు వెయ్యాలి కదా. మరి లోగో ఎప్పుడు పెట్టను?"

"ముందు రంగు పొర వెయ్యి. ఆపైన లోగో."

ఆ స్టూడియోలో మామగారి కాలం నుంచీ "ఆపైన" అంటే అన్ని పొరలకూ మీద అని అర్థం. రంగు పొర పసుపు కళ్ళద్దం లాంటిది. తన కిందున్న దేన్నీ వదలదు, అన్నిటికీ పసుపు పులుముతుంది. లోగో దానికి మీద ఉంటేనే తన రంగులో తాను ఉంటుంది. ఈ సంగతి చిన్నకోడలికి ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల "ఎప్పుడు" అని అడిగితే తాను "ఎక్కడ" అన్నదానికి జవాబిచ్చానని పెద్దకోడలికి మాట పెదవి దాటగానే తెలిసింది. సరిచేద్దామని నోరు తెరిచింది కూడా.

"సరేనక్కా! నువ్వుండగా నాకేం భయం?" అని నవ్వింది చిన్నకోడలు.

ఆ నవ్వు చూసి పెద్దకోడలు తెరిచిన నోరు మూసేసింది.

అనుకున్నంతా అయింది. రంగు పని పూర్తయ్యాక చిన్నకోడలు లోగో తెచ్చి, రంగు పొరకు కింద ఖాళీగా ఉన్న వరుసలో పెట్టింది. నీలం పులిమే ఆ పాత తెర మీద ఆమెకు తేడా కనబడలేదు. వీడియో పెద్దకోడలి తెర మీదికి వచ్చేసరికి వంగపండు కాస్తా ఎండి బురదలో పడ్డట్టుంది. చూసి, ఆమెకు వేసవిలో చల్లగాలి తగిలినట్టయింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. లోగో అంచులు ఎలా చెడిపోయాయో చూద్దామని బొమ్మను పెద్దది చేసింది. గొడుగులాయన ఇచ్చింది చిన్న బొమ్మ. చుట్టూ తెల్లటి అంచు, గళ్ళుగళ్ళుగా తెగిన గీతలు. తానైతే అంచులు కాస్త మసకబరిచి సరిపెట్టేది. ఈ పిల్ల గొడుగు ఊచ ఊచా కొత్తగా గీసింది. ఎంత దగ్గరికి వెళ్ళి చూసినా గీత గీతలాగే ఉంది, కొస కొసలాగే ఉంది. వంకపెట్టడానికి ఒక్క చుక్క దొరకలేదు. అంత పనితనం చూసి చల్లగాలి కాస్తా వడగాలి అయింది.

"ఊఁ" అంది పెద్దకోడలు.

మర్నాడు గొడుగులాయన వచ్చాడు. మామగారు ఆయన్ని పెద్దకోడలి తెర ముందే కూచోబెట్టి వీడియో వేశాడు. చివర లోగో రాగానే ఆయన చేతిలోని వంగపండు రంగు గొడుగు టప్పున విప్పి తెర పక్కన పట్టాడు.

"ఇదేం గొడుగండీ బాబూ! నాలుగు వానలకే మురిగిపోయినట్టుంది. గొడుగులు అమ్ముకునేవాణ్ణి, ఇంతకంటే శాపం ఉందా నాకు?"

చిన్నకోడలు మొహం పాలిపోయింది. "ఆపైన పెట్టమంటే ఆపైనే పెట్టాను మామయ్యా. రంగంతా అయ్యాకే పెట్టాను."

మామగారు నుదురు కొట్టుకున్నాడు. "ఆపైన అంటే తర్వాత అనుకున్నావా తల్లీ! మీద అని." తరవాత తల తిప్పాడు. "పెద్దమ్మాయ్, ఇది నీ తెర మీదికి రాలేదూ?"

"వచ్చింది మామయ్యా."

"మరి నీకు కనబడలేదా?"

కనబడలేదంటే బతికిపోతుంది. పొరపాటు ఎవరికైనా సహజమే అంటారు. కానీ ఇన్నేళ్ళూ ఈ తెర ముందు తనను కూచోబెట్టింది తన కంటిచూపే. రంగు తేడా తనకు కనబడలేదట అని ఆ గదిలో, అదీ తోడికోడలి ఎదట, ఎలా అనుకోనిస్తుంది? చెడ్డదానివన్నా పడుతుంది గానీ గుడ్డిదానివంటే పడలేదు.

"కనబడింది" అంది. "చూడగానే కనబడింది."

గొడుగులాయన గొడుగు మూసేశాడు. పెద్దకోడలు లేచి, లోగోను పట్టి రంగు పొర మీదికి లాగింది. వంగపండు నిగనిగమంటూ లేచి నిలబడింది. గొడుగులాయన చేతిలోని గొడుగు గుడ్డకూ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"ఆహా! ఊచలు చూడండి, లెక్కపెట్టుకోవచ్చు. ఎవరమ్మా గీసింది?" అన్నాడాయన.

ఆ పని దక్కింది. ఆయన వెళ్ళాక మామగారు కేకలేమీ వేయలేదు. వేసినా బాగుండేది. తెర వెనక తీగలు తనే ఊడదీసి, దాన్ని చంటిపిల్లలా ఎత్తి చిన్నకోడలి బల్ల మీద పెట్టాడు. పాత తెర పెద్దకోడలి బల్ల మీదికి వచ్చింది. ఆమెకు గోడలు సైతం నీలంగా కనబడ్డాయి.

సాయంత్రం చిన్నకోడలు పిలిచింది. "అక్కా, ఇటొచ్చి ఓసారి చూస్తావా?"

"ఎందుకు? తెర నీ దగ్గరే ఉందిగా."

"తెర వచ్చింది. నీ కళ్ళు రాలేదుగా నాతో. అందుకని."

ఎత్తిపొడుపో, బతిమాలటమో తెలియలేదు. వెళ్ళి వెనక నిలబడింది. కొత్త పని పాల ప్రకటన, లోగో పాలసీసా మీది పచ్చటి ఆకు. ఆకు అన్నిటికీ మీద ఉంది. రంగు చెక్కు చెదరలేదు. అంచు కోసినట్టుంది. పెద్దకోడలు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికింది.

"బాగానే ఉంది" అంది.

"బాగుంది అనొచ్చుగా అక్కా. మధ్యలో ఆ 'నే' ఎందుకు?"

పెద్దకోడలు మరోసారి ఆకు కొసదాకా వంగి చూసింది.

"ఇవాళ్టికి 'నే' ఉండనీవే. అది తీస్తే నాకు నిద్రపట్టదు."